హాలిడే ఉంటే ఛుట్టీ లేదు

నేను దుబాయ్‌లో స్టేడియం కట్టి వచ్చానని మా ఊళ్ళో ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. ఇందులో రెండు తప్పులున్నాయి. నేనున్నది ఖతర్‌లో. నేను చేసింది ఓడల పొట్టలో దూరి రంగు వేయడం. మొదటి తప్పును దిద్దడం మా జిల్లాలో ఎవరి తరమూ కాదు. సముద్రం దాటితే ఏదైనా దుబాయే. రెండోదాన్ని దిద్దడానికి నాకే మనసొప్పలేదు. ఫుట్‌బాల్ పోటీల కోసం ఆ దేశాన్నంతా తవ్వి పోస్తున్న రోజులవి. టీవీలో ఎప్పుడు ఏ స్టేడియం కనబడినా మా అమ్మ ఇరుగుపొరుగును పిలిచి మా కొడుకు కడుతున్నదే అని చూపించేదట. ఆమె సంబరం మీద నీళ్ళు చల్లి నేను బావుకునేదేముంది?

స్టేడియాన్ని నేనూ రోజూ చూసేవాణ్ణి, బస్సు కిటికీలోంచి. మా క్యాంపు బర్వా అల్ బరాహాలో. యార్డు ఎక్కడో ఉత్తరాన, సముద్రపు ఒడ్డున. చీకటితో బయల్దేరిన బస్సు ఉమ్ సలాల్ దాటేసరికి తెల్లారేది. అప్పుడు దూరంగా క్రేన్ల మధ్య పెద్ద గిన్నెలాంటిది ఒకటి లేస్తూ కనబడేది. బస్సులో సగం మంది నిద్రలో ఉండేవాళ్ళు. నేను మాత్రం మా అమ్మ లెక్క ప్రకారం నా పని ఎంతవరకు వచ్చిందో చూసుకునేవాణ్ణి.

లోకమంతా చూడబోయేదాన్ని వాళ్ళు కడుతుంటే, ఎవరూ ఎన్నడూ చూడనిదానికి మేం రంగులు వేస్తున్నాం. సరుకు లేనప్పుడు ఓడ తేలికైపోయి ఒరగకుండా, దాని అడుగునా పక్కల్లోనూ ఉండే ట్యాంకుల్లోకి సముద్రపు నీళ్ళు నింపుకుంటుంది. ఉప్పునీళ్ళు ఇనుమును ఊరికే వదలవు. అందుకని కొన్నేళ్ళకోసారి ఓడను నీళ్ళలోంచి తీసి ఆ ట్యాంకుల్లో పాత రంగు గీకి కొత్తది వేయాలి. మనిషి పట్టేంత కంత గుండా లోపలికి దిగి, ఇనుప అరల మధ్య పాకుతూ చేసే పని. పని అయ్యాక మూత బిగిస్తారు, నీళ్ళు నింపుతారు, ఇక మా పనితనం చూడాలంటే చేపలే చూడాలి.

నేను చెప్పబోయే ఓడ జపాన్‌లో పుట్టింది. పుట్టింటివాళ్ళు ఊరుకుంటారా? పిల్లను సరిగా చూసుకుంటున్నారో లేదో కనిపెట్టమని ఒక పెద్దాయనను పంపారు. పొట్టి మనిషి, తెల్లటి నూలు చేతొడుగులు, ఒక టార్చి, పుల్ల చివర బిగించిన చిన్న అద్దం. పంటి డాక్టరులాగా ఆ అద్దాన్ని ఇనుప సందుల్లో పెట్టి చూసేవాడు. ఇంగ్లీషు రెండేసి ముక్కలు మాట్లాడేవాడు. దాన్ని మా కేరళ ఫోర్‌మన్ హిందీలోకి మార్చేవాడు. ఆ హిందీని మా బావ తెలుగులోకి మార్చేవాడు. బావ అంటే నిజంగా బావ కాదు, మా పక్క ఊరివాడు. క్యాంపులో ఒకే గది కాబట్టి వరస కలిపాం. మూడు చేతులు మారి మా దగ్గరికి వచ్చేసరికి జపాన్ మాటలో ఉప్పూకారం బాగా కలిసేవి.

ఆ పెద్దాయన బతుకంతా వాళ్ళ దేశపు ఓడల కార్ఖానాలో రంగుల పనిలోనే గడిచిందట. అక్కడ ఇనుప రేకు గేటులోకి రాగానే ముందు దాని తుప్పు రాల్చి, పలచటి పూత పూసి గానీ కోత మొదలుపెట్టరట. కోశాక ప్రతి అంచునూ గ్రైండరుతో గుండ్రం చేస్తారట, ఎందుకంటే వాడి అంచు మీద రంగు నిలవదు, జారిపోయి పలచబడుతుంది. అతుకులు వేశాక మళ్ళీ శుభ్రం. ఉప్పు ఉందా అని పరీక్ష, దుమ్ము ఉందా అని పరీక్ష. అన్నీ అయ్యాక మూలలకూ అతుకులకూ ముందు కుంచెతో ఒక పూత, ఆ తర్వాతే స్ప్రే. రంగు వేయడమన్నది వాళ్ళ పనిలో చివరి పిసరు. మిగతాదంతా రంగుకు ఇనుమును తగినదిగా చేయడమే. మా ఊళ్ళో పండక్కి గోడకు సున్నం వేసేటప్పుడు మేం సాలెగూళ్ళ మీదుగా కూడా వేసేస్తాం. పండగ మా కోసం ఆగదు కదా.

ఆయన పెట్టిన నియమాల్లో మాకు బాగా గుచ్చుకున్నది ఒకటుంది. గ్రిట్ అనే గరుకు రవ్వను గాలితో కొట్టి తుప్పంతా రాల్చాక ఇనుము వెండిలా తెల్లబడుతుంది. దాన్ని ఇక ఒట్టి చేత్తో ముట్టకూడదు. చేతి చెమటలో ఉప్పుందట. ఆ ఉప్పు రంగు కింద దాక్కుని, కొన్నేళ్ళకు బొబ్బై లేస్తుందట. ఆ దేశంలో ఏ రోడ్డు, ఏ గోడ మా చెమట పడకుండా లేచింది? ఆ ట్యాంకు ఒక్కటే మీ చెమట నాకొద్దంది. దానికి తోడు ఇనుముకు తేమ తగలకూడదని లావుపాటి గొట్టాలతో చల్లటి పొడిగాలి ట్యాంకులోకి తోలేవాళ్ళు. బయట మేం ఎండకు మాడుతుంటే లోపల ఇనుము ఏసీలో పడుకునేది. అందుకే విరామం వచ్చినా మేం పైకి ఎక్కేవాళ్ళం కాదు, ఆ ఇనుము పక్కనే కూర్చునేవాళ్ళం.

ఆయన వచ్చిన కొత్తలో ఒక గమ్మత్తు జరిగింది. రంగు వేసిన చిన్న ట్యాంకొకదాన్ని చూస్తూ ఒకచోట టార్చి పెట్టి 'హాలిడే' అన్నాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ 'హాలిడే' అన్నాడు. అట్లా వెళ్ళినకొద్దీ హాలిడేలు ఇచ్చుకుంటూ పోయాడు. బావ ఇది విని పాకుతూ వచ్చి, పని నచ్చి పెద్దాయన వరసగా సెలవులిస్తున్నాడని గ్యాంగంతటికీ చాటాడు. సిటీలో ఫరీజ్ బిన్ మహమూద్‌లో తెలుగాయన మెస్సుకు వెళ్ళి బిర్యానీ తినాలని కూడా తీర్మానమైపోయింది. చేతులు కడుక్కుని బట్టలు మార్చుకుంటుంటే ఫోర్‌మన్ వచ్చి తిట్టిన తిట్లు మలయాళంలో ఉన్నా అందరికీ అర్థమయ్యాయి. రంగు పనిలో హాలిడే అంటే సెలవు కాదు. రంగు అందకుండా వదిలేసిన చోటు. ఒక్కోసారి కంటికి కనబడనంత చిన్న కంత. తుప్పు ముందు అక్కడే మొదలవుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు; మాకు ఆ దేవుడూ ఇవ్వలేదు. ఆ రోజు సాయంత్రం దాకా హాలిడేలు పూడ్చాం.

నాకు మాత్రం ఆ రోజుల్లో నిజమైన సెలవే కావాలి. నా పెళ్ళి కుదిరింది.

సంబంధం ఫోన్లోనే మాట్లాడారు, పిల్లను ఫోన్లోనే చూశాను. బొమ్మ సరిగా రాక ఆమె మొహం ముక్కలు ముక్కలుగా కనబడేది. అయినా నచ్చింది. నచ్చిందంటే మామూలుగా కాదు, డ్యూటీలో కూడా ఆమె గొంతే చెవిలో ఉండేది. ఆమెకు అంతకుముందు ఒక గల్ఫ్ సంబంధం కుదిరి, పెళ్ళికొడుక్కు లీవు దొరక్క ముహూర్తం దాటిపోయి, చివరికి చెడిపోయింది. అందుకని వాళ్ళ నాన్న ముందే తేల్చి చెప్పాడు. ఈ ముహూర్తం దాటితే మర్నాటి నుంచి మూఢం. నెలల తరబడి పెళ్ళిళ్ళు లేవు. అన్నాళ్ళు ఆగేది లేదు, వేరే సంబంధం చూసుకుంటామన్నాడు. ఆమె మా అమ్మతో ఒక్క మాటే అన్నదట, ఈసారన్నా వచ్చేవాణ్ణే చూడండని. ఆ మాట నాకు బాగా తగిలింది.

ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు, కానీ ఆయన మెడ మీద ఇంకెవరి కాలో ఉండేది. ఆ ఓడ డాకు దిగి నీళ్ళలోకి పోయేదాకా కంపెనీ ఎవరికీ లీవు ఇవ్వడం లేదు. మూలలకూ అతుకులకూ కుంచె పూత వేసేది నేనే కాబట్టి నన్ను అసలే వదలరు. చివరికి ఆయన ఒక దారి చూపించాడు. మిగిలింది ఒకే పెద్ద ట్యాంకు. అది పరీక్ష నెగ్గితే ఓడ దిగేదాకా ఆగకుండా నన్ను విమానమెక్కిస్తానన్నాడు.

“హాలిడే లేకపోతే నీ ఛుట్టీ. హాలిడే ఉంటే ఛుట్టీ లేదు,” అన్నాడు హిందీలో. ఛుట్టీ అంటే సెలవు. మాట ఎంత బాగా కుదిరిందో చూసుకుని తనే నవ్వుకున్నాడు కూడా. నాకు నవ్వు రాలేదు.

అప్పుడే ఊరి నుంచి లీవు ముగించుకుని వచ్చినతను శుభలేఖ తెచ్చిచ్చాడు. నా పేరు పక్కన 'దుబాయ్' అని అచ్చు వేయించారు. ఫోర్‌మన్‌కు రుజువు చూపించడానికి పంపమన్నది నేనే. కానీ మా అమ్మకు రుజువన్న మాట ఎక్కలేదు, శుభమన్న మాటే ఎక్కింది. నాలుగు మూలలకూ పసుపు అంటించి ఊరుకోవాల్సింది, ముద్దలు ముద్దలుగా పూసింది. ఎండిన పసుపు ముట్టుకుంటే రాలుతోంది. పెయింటరును కన్నతల్లి, పూత మందం ఎక్కువే వేసింది.

ఆ రోజు పెద్ద ట్యాంకులో రవ్వ కొట్టే పని, బ్లాస్టింగ్, అయిపోయింది. దుమ్ము పీల్చేశారు. ఇనుము తెల్లగా, గరుగ్గా, పూతకు సిద్ధంగా ఉంది. పెద్దాయన వచ్చి చూసి సరే అంటే మొదటి పూత మొదలు. ఆయన కోసం ఎదురుచూస్తూ మేం ఆ చల్లగాలిలో కూర్చున్నాం. నేను జేబులోంచి శుభలేఖ తీశాను.

బావ వెంటనే చేతొడుగులు విప్పేశాడు. మురికి చేతొడుగులతో శుభలేఖను పట్టుకుంటాడా ఎవడైనా? రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. బొటనవేలికి పసుపు అంటింది. ఆ వేలిని ప్యాంటుకు తుడుచుకుంటే నా పెళ్ళికి కీడని వాడికి అనిపించింది కాబోలు, ఎదురుగా ఉన్న తెల్లటి ఇనుము మీద బొట్టు పెట్టాడు.

“ఈ ట్యాంకు మంచిగుంటెనే గదా నువ్వు పోయేది. దీనికి గూడ పెట్టాలె,” అన్నాడు.

మాట బాగుంది. తర్వాతివాడూ చేతొడుగులు విప్పాడు, తర్వాతివాడూ విప్పాడు. ఒక్కొక్కడూ కార్డును కళ్ళకద్దుకుని, నాకు మంచి జరగాలని కోరుకుని, చెమట వేలితో ట్యాంకుకు బొట్టు పెట్టాడు. మా పెళ్ళి పందిరి గుంజకు కూడా అంత భక్తిగా ఎవరూ బొట్లు పెట్టి ఉండరు. పెట్టడం అయ్యాక, ఆ తెల్లటి ఇనుము మీద పచ్చటి మచ్చలు చూస్తే అందరికీ ఒకేసారి మతి వచ్చింది. కొత్తగా పట్టే తుప్పు కూడా సరిగ్గా అదే రంగులో ఉంటుంది.

మా స్ప్రే చేసేవాడు గోదావరి జిల్లా మనిషి, దేనికీ కంగారుపడడు. “పసుపే కదండీ, సబ్బునీళ్ళతో తుడిస్తే పోద్ది,” అని జిడ్డు కడిగే మందు సీసా తెచ్చి గుడ్డతో రుద్దాడు. మేమూ తలా ఒక చెయ్యి వేశాం. ఇంట్లో బట్టలుతికే ఆడవాళ్ళెవరైనా అక్కడుంటే మమ్మల్ని ఆపేవాళ్ళు. పసుపు మీద సబ్బు పడితే ఏమవుతుందో తెలియని తెలుగువాళ్ళం మేమే. బొట్లన్నీ ఎర్రబడ్డాయి. ఎర్రటి ధారలు ఇనుము మీది నుంచి కిందికి కారాయి. సరిగ్గా దిష్టి తీసిన ఎర్రనీళ్ళే. మా ట్యాంకుకు దిష్టి కూడా తీసేశాం.

పెద్దాయన కంటే ముందు దిగింది ఈజిప్టు సేఫ్టీ ఆఫీసరు. గోడ మీది ధారలు చూశాడు, మా చేతులు చూశాడు. అందరి చేతులూ ఎర్రగానే ఉన్నాయి. 'దమ్, దమ్' అని అరిచాడు. అరబ్బీలో దమ్ అంటే నెత్తురు. ట్యాంకులో దమ్ము కొడుతున్నామంటున్నాడనుకున్నాడు మా బావ. మాఫీ అంటే అక్కడి మాటలో లేదని. 'మాఫీ దమ్, మాఫీ దమ్' అని ఒట్టు పెట్టి జేబులు తిప్పి చూపించాడు. ఇంతమంది చేతులకు నెత్తురంటి, ఒక్కడికీ గాయం లేకపోయేసరికి ఆ మనిషికి అనుమానం ఇంకా పెరిగింది. పని ఆపించి, అందర్నీ పైకెక్కించి ఎండలో వరసగా నిలబెట్టాడు. గాయపడ్డవాణ్ణి ఎక్కడ దాచారో చెప్పేదాకా కదలనివ్వనన్నాడు. పెళ్ళికి ఇంకెన్నాళ్ళుందో తలచుకుంటూ, గాయపడ్డది నేనే అని చెబుదామా అనిపించింది.

జపాన్ పెద్దాయన వచ్చాడు. ముందు లోపలికి దిగి చూసి వచ్చాడు. ఏమిటది అని అడిగాడు, అరవలేదు. ఫోర్‌మన్ నా వైపు చూశాడు. నేను శుభలేఖ తీసి ముందుకు చాచాను. పసుపు మూలలు చూపించి, వెడ్డింగ్ అన్నాను, ఎల్లో పౌడర్ అన్నాను, గుడ్ లక్ అన్నాను. నాకున్న ఇంగ్లీషంతా అక్కడితో అయిపోయింది.

ఆయన చేతొడుగులు విప్పాడు. మేం వాటిని ఆయన చేతుల నుంచి విడిగా అంతకుముందెప్పుడూ చూడలేదు. విప్పి, కొంచెం వంగి, శుభలేఖను రెండు చేతులతో అందుకున్నాడు. ఒక్క అక్షరం రాకపోయినా పై నుంచి కింది దాకా చూశాడు. ఆయన బొటనవేళ్ళకు పసుపు అంటింది. మా బావ నా డొక్కలో పొడిచి, చూసినవా, పెద్దాయన మనోడే అన్నాడు. నాకూ కళ్ళు చెమర్చాయి. ఇక భయం లేదనుకున్నాను.

ఆయన కార్డును మళ్ళీ రెండు చేతులతో నాకిచ్చాడు. “కంగ్రాచులేషన్స్,” అన్నాడు. చేతొడుగులు తొడుక్కున్నాడు. ఫోర్‌మన్ వైపు తిరిగి, “బ్లాస్ట్ ఎగైన్,” అన్నాడు.

బొట్లు పెట్టిన చోటు మాత్రమే కాదు. సబ్బునీళ్ళు కారిన మేరా, చేతులు తగిలిన మేరా, కింద అర దాకా అంతా. ఆయన్ను ఆ రోజు నేను తిట్టినట్టు జీవితంలో ఎవర్నీ తిట్టలేదు. ఉత్త రాయి అన్నాను. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి అన్నాను. ఎవడు చూస్తాడా చీకట్లో, చేపలేమన్నా టార్చి పట్టుకుని చూస్తాయా అన్నాను. బొట్లు పెట్టినవాళ్ళంతా మాస్కులు తగిలించుకుని మళ్ళీ లోపలికి దిగారు. నాకు మేలు కోరినందుకు వాళ్ళకు పడిన శిక్ష అది.

మళ్ళీ బ్లాస్టింగ్, మళ్ళీ దుమ్ము, మళ్ళీ ఉప్పు పరీక్ష. పొద్దునపూట సముద్రపు తేమకు పైన డెక్కు చెమటలు పట్టేది. లోపల గాలి సరిపడా పొడిబారేదాకా పెద్దాయన పూత మొదలుపెట్టనిచ్చేవాడు కాదు. ముహూర్తం దగ్గరపడుతుంటే మేం ఇనుము ఆరడం కోసం కూర్చున్నాం. మొదటి పూత గులాబీ రంగు, రెండోది బూడిద రంగు. ఎక్కడన్నా గులాబీ తొంగిచూస్తే రెండో పూత అక్కడ అందలేదని పట్టుబడిపోతుంది. రెండు పూతలకు ముందూ మూలమూలకూ, అతుకు అతుకుకూ నేనే కుంచె పట్టాను. అంత శ్రద్ధగా మా ఇంటి గోడకు ఎన్నడూ వేయలేదు. శ్రద్ధ కాదు అది, భయం. ఆమె మా అమ్మతో అన్న మాట ప్రతి సందులోనూ వినబడేది.

పరీక్ష రోజున పెద్దాయన తడి స్పాంజి బిగించిన కర్ర, దానికి తీగతో తగిలించిన చిన్న పెట్టె పట్టుకుని దిగాడు. దాన్ని రంగు మీద రాస్తూ పోవాలి. ఎక్కడన్నా కంటికి కనబడని కంత ఉంటే తడి ఇనుమును తాకి పెట్టె కీచుమంటుంది. అర తర్వాత అర దాటుతున్నాడు. నేనూ ఫోర్‌మనూ వెనకాల పాకుతున్నాం. కీచు లేదు. పసుపు బొట్లు పెట్టిన చోటుకొచ్చాం. అక్కడ రెండుసార్లు రాశాడు. కీచు లేదు. నేను మనసులో విమానమెక్కేశాను. చిట్టచివరి మూలలో, ఒక బద్ద వెనకాల, కీచుమంది.

“వన్ హాలిడే,” అన్నాడాయన.

ఫోర్‌మన్ నా మొహం చూడలేక పక్కకు తిరిగాడు. పెద్దాయన ఆ చోట సుద్దతో చిన్న గుండ్రం గీసి, టార్చి దాని మీదే నిలిపి పట్టుకున్నాడు. “యూ. నౌ,” అన్నాడు నాతో. గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, కుంచె ముంచి బూడిద రంగు పెట్టాను. పెట్టినంతసేపూ ఆయన టార్చి కదలలేదు. రెండు చేతులకూ పని తగిలినప్పుడు కుంచెను వడ్రంగి పెన్సిలులాగా చెవి మీద పెట్టుకున్నాను. అది ఆరాలి, మళ్ళీ పరీక్షించాలి. అంటే ఇంకో రోజు. అంటే పెళ్ళినాటి పొద్దుటికి గానీ ఊరు చేరలేను. మర్నాడు ఆయన అందరికంటే ముందే వచ్చి ట్యాంకు దగ్గర నిలబడి ఉన్నాడు. స్పాంజి పెట్టాడు. కీచు లేదు. నాకు ఏమీ చెప్పకుండా ఫోర్‌మన్‌తో, “నో హాలిడే. హీ గో హాలిడే,” అన్నాడు. ఆయనకు ఆ మాట రెండర్థాలూ తెలుసని మాకు అప్పుడే తెలిసింది.

హైదరాబాదులో దిగి, కారులో కూర్చుని, ఊరి పొలిమేరకు వచ్చేసరికి బ్యాండు మోగుతోంది. పెళ్ళికొడుకు లేకుండానే సగం పెళ్ళి అయిపోయినట్టుంది అక్కడ. పిల్ల తరఫువాళ్ళు నన్ను చూసి లెక్క సరిపోయిందన్నట్టు తలలూపారు. ముహూర్తానికి ఎంతో టైము లేదు, నలుగూ గిలుగూ వద్దు, నాలుగు చెంబులు పోసి తీసుకురమ్మన్నాడు పంతులు. మా పెద్దమ్మ అడ్డం తిరిగింది.

“రుద్దకుండ పసుపు వెడ్తే ఒంటికి వడ్తదా? ఆగుమను,” అంది.

ఆ మాట ఎక్కడో విన్నట్టే అనిపించి నేను పీట మీద కూర్చుండిపోయాను. ఆమె నలుగుపిండి తీసుకుని రుద్దింది. మెడ, మోచేతులు, వేళ్ళ సందులు, ఒక్కటీ వదల్లేదు. పంతులు బయట నుంచి కేకలేస్తున్నాడు. ఆమె వినిపించుకోలేదు. జపాన్‌లో పుట్టి ఉంటే పెద్ద ఉద్యోగం దొరికేది ఆమెకు. చివరికి నా కుడి చెవి వెనక ఆమె వేలు ఆగింది.

“గిదేందిరా, రానే రాదు?” అంది. గోరుతో గీకింది. ట్యాంకుకు వేసిన బూడిద రంగు, ఎపాక్సీ. దాన్ని వదిలించే మందు మా జిల్లాలో లేదు. ఇక చేసేదేం లేక దాని మీదే ఇంత పసుపు పూసి లేపింది. పరుగు పరుగున తీసుకెళ్ళి పీటల మీద కూర్చోబెట్టారు. ముహూర్తం దాటలేదు. మధ్యలో తెర తొలిగినప్పుడు ఆమె మొహం మొదటిసారి ముక్కలు కాకుండా చూశాను. సంతోషంతో నాకు మంత్రాలు వినబడలేదు.

ట్యాంకు తినేసిన రోజులు నా లీవులోంచే పోయాయి. మిగిలినవి కొన్నే. పెళ్ళైన మూడోనాడో నాలుగోనాడో ఆమె నా చెవి వెనక మచ్చ చూసింది. స్టేడియంలో ఇదే రంగు వేస్తారా అని అడిగింది. ఆమెతో అబద్ధమాడబుద్ధి కాలేదు. ఓడ సంగతి, ట్యాంకు సంగతి, పసుపు సంగతి అన్నీ చెప్పాను. స్టేడియం పోయినందుకు ఆమె బాధపడలేదు గానీ, ఎర్రనీళ్ళ దగ్గర నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత రోజూ సాయంత్రం కొబ్బరినూనె రాసి గోరుతో ఆ రంగును కొంచెం కొంచెం గీకేది. నేను వెళ్ళే ముందురోజు గీకడం ఆపేసింది.

“గింత ఉంచిన. మళ్ళొచ్చినంక తీస్త,” అంది.

చర్మం ఇనుము కాదు. క్యాంపుకు చేరిన వారానికే అది దానంతటదే దిండు మీద రాలిపోయింది. ఫోను చేసినప్పుడల్లా ఆమె ముందు అడిగేది అదే, ఉన్నదా అని. ఉన్నది అనేవాణ్ణి. ఏళ్ళ తరబడి ఉన్నదనే చెప్పాను. ఈలోగా ఓడలు వచ్చాయి, పోయాయి. ఆ పెద్దాయన మళ్ళీ రాలేదు. బస్సు కిటికీలోంచి కనబడే గిన్నెకు బంగారు పూత కూడా పూర్తయింది.

తర్వాతి లీవు దొరికిన రోజు మేం ఇంకో ట్యాంకులో ఉన్నాం. అబద్ధం మోసుకుని ఇంటికెట్లా పోను? ఎవరూ చూడకుండా కుంచె మొనతో చెవి వెనక చిన్న చుక్క పెట్టుకున్నాను. బావ చూడనే చూశాడు. చంటిపిల్లలకు దిష్టి చుక్క పెట్టినట్టుందన్నాడు.

ఇంటికి చేరాను. చుట్టాలూ పక్కాలూ వెళ్ళిపోయాక ఆమె కొబ్బరినూనె గిన్నె పట్టుకుని వచ్చి కూర్చుంది. చెవి మడిచి చూసింది. చాలాసేపు చూసింది.

“అప్పుడు బూడిద రంగుండె. గిది గులాబిది,” అంది.

ఆ రోజు మేం మొదటి పూతలోనే ఉన్నామన్నది నాకు అప్పుడు గుర్తొచ్చింది. తప్పించుకునే సందు లేదు. అది వారానికే రాలిపోయిందని చెప్పాను. నువ్వు అడుగుతున్నావు కదా అని ఉన్నదన్నానని చెప్పాను. పోయిందంటే బాధపడతావనుకున్నానని కూడా చెప్పాను.

ఆమె నా చెవి వదల్లేదు. గట్టిగా మెలిపెట్టింది.

“నేనడిగింది రంగు సంగతా?” అంది.